ఎవరి నుంచి ఎవరికి

ఏసుపాదం భుజానికి తగిలించుకున్న ఎక్స్‌రే పెట్టె మూడు కిలోలకు మించదు. పదిహేనేళ్ళ కిందట అతను టెక్నీషియన్‌గా చేరినప్పుడు ఆస్పత్రిలో ఎక్స్‌రేకి ఒక చీకటి గది, ఆ గది ముందు చాంతాడంత వరస ఉండేవి. ఇప్పుడు బడి వరండా చాలు. గోడకు తగిలించిన పలచటి పలకకు ఛాతీ ఆనించి ఊపిరి బిగపట్టమని చెప్పి మీట నొక్కితే, అర నిమిషంలో కంప్యూటరు తెర మీద ఊపిరితిత్తులు కనపడతాయి. క్షయ అనుమానం ఉన్నచోట యంత్రమే ఎర్రగా చుట్టి చూపిస్తుంది.

కొండ్రపాలెంలో పరీక్షలు మొదలుపెట్టిన రెండో రోజున గని మేస్త్రీ ఓబులేసు కుటుంబం ఆ వరండాలోకి వచ్చింది. ఓబులేసు మనవడు అప్పటికే క్షయ మందులు మింగుతున్నాడు. మిగతా నలుగురికీ దగ్గు లేదు, జ్వరం లేదు. అందరి ఫిల్ములూ తీశాక డాక్టర్ సువర్చల కంప్యూటరులో ఇంకో మీట నొక్కింది. బొమ్మలన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరాయి. వాటి మధ్య ఒక బాణం గుర్తు పడింది, ఓబులేసు నుంచి మనవడికి.

"ఈయనకా? మనిషి గుండ్రాయిలా ఉన్నాడు గదా మేడమ్!" అన్నాడు ఏసుపాదం.

"తెమడ పరీక్షకు పంపండి," అంది ఆమె.

ఓబులేసుకు ఉందని మూడో రోజున తేలింది. తాత ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిన మనవడికి అది ఆ ఒళ్ళోనే అంటింది.

ఆ బాణం గుర్తు కోసం డాక్టర్ సువర్చల తొమ్మిదేళ్ళు పనిచేసింది. ఒకే మనిషికి ఏళ్ళ తరబడి తీసిన ఫిల్ములను లక్షల కొద్దీ చూపించి యంత్రానికి నేర్పింది. క్రిమి ఏ నెలలో లోపలికి వచ్చింది, ఎన్నాళ్ళు రగిలింది, ఎప్పుడు చల్లారింది, అంతా మిగిలిన మచ్చను బట్టి అది చెప్పగలదు. రాతిదుమ్ము వేసిన మచ్చనూ క్షయ వేసిన మచ్చనూ విడదీయగలదు. గనుల ఊళ్ళలో పాత యంత్రాలన్నీ అక్కడే బోల్తాపడేవి. ఇంట్లోవాళ్ళవీ, వీధిలోవాళ్ళవీ మచ్చల వయసులు పోల్చి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో గీసి చూపిస్తుంది. ఆమె దానికి ‘జాడ’ అని పేరు పెట్టుకుంది.

"ఈ గుర్తు మనిద్దరం తప్ప ఎవరూ చూడకూడదు ఏసుపాదం గారూ," అని మొదటిరోజే చెప్పింది. "ఇంతకుముందు ఒక ఊళ్ళో పిండిమర నడిపే ఆయన నుంచి తొమ్మిది మందికి వచ్చిందని తేలింది. మందులిచ్చాం, ఆ వీధిలో జబ్బు ఆగిపోయింది. కానీ మాట బయటికి పొక్కింది. ఆ మరకు మళ్ళీ ఎవరూ గింజలు తీసుకెళ్ళలేదు. ఆయన ఏ ఊరు పోయాడో కూడా తెలీదు."

ఏసుపాదం తలూపాడు. అతను ఆ పనికి అడిగి మరీ వచ్చాడని ఆమెకు అప్పటికి తెలియదు. కొండ్రపాలెం అతని సొంతూరు. అతని కూతురు రూతు ఏడేళ్ళ కిందట, నాలుగేళ్ళ వయసులో క్షయతో చనిపోయింది. జబ్బు మెదడుకెక్కేదాకా ఎవరూ పోల్చుకోలేకపోయారు. చివరి వారం ఆ బిడ్డ ఛాతీకి ఎక్స్‌రే తీసింది ఏసుపాదమే. రెండు ఊపిరితిత్తుల నిండా సజ్జగింజలు చల్లినట్టు చుక్కలు. ఆ బొమ్మను అతను ఫోనులో దాచుకున్నాడు. రూతు మరే ఫొటో అతను అన్నిసార్లు చూడలేదు.

ఆ జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఊరు అప్పుడే తీర్పు చెప్పేసింది. అంగన్‌వాడీలో మస్తానమ్మ అని ఒక ఆయా ఉండేది. వయసులో ఉండగా ఇరవై ఏళ్ళు గనిరాతిని పలకలుగా కోసే షెడ్డులో పనిచేసిన మనిషి, ఎప్పుడూ దగ్గుతూ ఉండేది. రూతును చంకనెత్తుకుని ఇంటికి దిగబెట్టేది ఆమే. బిడ్డను పూడ్చిపెట్టి వచ్చిన మర్నాడు ఏసుపాదం భార్య సలోమి అంగన్‌వాడీ ముందు నిలబడి దుమ్మెత్తి పోసింది. "నా బిడ్డను నువ్వే తిన్నావే! ఆ దగ్గు పెట్టుకుని పిల్లల మధ్య ఎందుకు తిరుగుతన్నావే?" అని గుండెలు బాదుకుంది. వారం తిరక్కుండా పిల్లల్ని పంపడం మానేశారు. మస్తానమ్మ తెమడ రెండుసార్లు పరీక్ష చేయించి, కాగితం చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. కాగితాన్ని ఎవరూ నమ్మలేదు. ఆయా పని పోయింది. ఊరి చివర, గని నుంచి తెచ్చి పారబోసే రాతిముక్కల దిబ్బ పక్కన రేకుల కొట్టంలోకి మారి, రెండు మేకల్ని కాసుకుంటూ బతుకుతోంది.

పరీక్షలకు ఊరంతా వస్తున్నా ఆమె రాలేదు. పదోరోజు పొద్దున ఏసుపాదమే పెట్టె తీసుకుని వెళ్ళాడు. ఆమె కొట్టం ముందు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నాలుగు మాటలకొకసారి ఊపిరి అందడం లేదు.

"నా రొమ్ములో ఏముందో ఊరందరికీ తెలుసు గదయ్యా. ఇంక నీ పెట్టె ఎందుకు?" అంది.

"ఒక్కసారి నిలబడు పెద్దమ్మా. నిమిషం పని."

"దూరంగా ఉండు మరి. నీకంటుకునేను."

ఆమె ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, అతను పలక తగిలించేదాకా మొహం పక్కకు తిప్పుకుని ఉంది.

తెర మీద బొమ్మ వచ్చింది. ఊపిరితిత్తులు రెండూ రాతిదుమ్ముతో గడ్డకట్టి ఉన్నాయి. ఎర్రచుట్టు ఎక్కడా పడలేదు. ఫోనులోంచి రూతు బొమ్మను కూడా పేరూ చిరునామాతో యంత్రంలోకి ఎక్కించి ఈమె బొమ్మ పక్కన పెట్టాడు. అసలు అతను ఈ పనికి వచ్చిందే అందుకు. ఏడేళ్ళుగా భార్య తిడుతున్న మనిషి నేరాన్ని కళ్ళారా చూడాలని.

బాణం గుర్తు పడలేదు. ‘క్షయ మచ్చ లేదు. ఎన్నడూ సోకలేదు,’ అని అక్షరాలు వచ్చాయి.

"ఏమంటందయ్యా?" అని అడిగింది మస్తానమ్మ.

"రాతిదుమ్మే పెద్దమ్మా. ఇంకేం లేదు. ఎప్పుడూ లేదు."

ఆమె పైటచెంగు నోటి మీద నుంచి తీసింది. "నేను చెప్పలా?" అంది.

*

ఆ మధ్యాహ్నం బడి వరండాలో జనం పలచబడ్డాక డాక్టర్ సువర్చల అతన్ని పిలిచింది.

"పదిరోజులైంది, మీ ఫిల్ము ఇంకా తియ్యలేదు. సిబ్బందికి కూడా తప్పనిసరి. నిలబడండి, నేను తీస్తాను."

అతను ఏదో సాకు చెప్పబోయాడు. ఆమె అప్పటికే యంత్రం సర్దుతోంది. చొక్కా విప్పి నిలబడ్డాడు.

కుడి ఊపిరితిత్తి పైకొసన, కాలరు ఎముక వెనక, చింతగింజంత మచ్చ ఉంది. పాతది, మానిపోయింది. ఎనిమిదేళ్ళ కిందట మొదలై పద్నాలుగు నెలలు రగిలి, తనంతట తానే చల్లారిందని యంత్రం రాసింది. ఇంటిపేరు, చిరునామా కలిశాయేమో, ఎవరూ మీట నొక్కకుండానే రూతు బొమ్మ వచ్చి అతని బొమ్మ పక్కన నిలబడింది. రెండింటి మధ్య బాణం గుర్తు పడింది, అతని నుంచి రూతుకు. నూటికి తొంభై ఒక్క పాళ్ళు నిజమని దాని కింద అంకె.

డాక్టర్ సువర్చలకు ముందు అర్థం కాలేదు. "ఈ పాప ఎవరు?" అంది. అతని మొహం చూశాక అర్థమై, కంప్యూటరు మూత సగం దించింది.

"తొంభై ఒకటే, ఏసుపాదం గారూ. తొమ్మిది పాళ్ళు కాకపోవచ్చు. దీన్ని తుడిచేస్తాను. మీరు చూడలేదనుకోండి."

"చూశాను గదా మేడమ్," అన్నాడతను.

అతనికి ఆ యేడాది బాగా గుర్తుంది. పొద్దున్నే వచ్చే దగ్గు, వదులైన ప్యాంట్లు. తోటి టెక్నీషియన్‌కు క్షయ అని తేలితే, ఆస్పత్రివాళ్ళు ఇంక రావద్దన్నారు. ఏసుపాదానిది కూడా ఏడాదికోసారి పొడిగించే కొలువే. ఫిల్ములు కడిగే మందు వాసనకే దగ్గొస్తోందని అందరికీ చెప్పాడు, తనకూ చెప్పుకున్నాడు. రోజూ నలభై మంది ఛాతీలకు ఎక్స్‌రే తీశాడు. ఆ నలభై మంది తర్వాత తను ఒక్కసారి నిలబడితే సరిపోయేది. నిలబడలేదు. దగ్గు మందు సీసాలు తాగాడు. సాయంత్రం ఇంటికి రాగానే రూతు పరిగెత్తుకొచ్చేది. ఛాతీ మీద బోర్లా పడుకుని, అతను మాట్లాడుతుంటే లోపల గుడగుడ వినపడుతోందని నవ్వేది. అలాగే నిద్రపోయేది.

*

ఇంటికి వెళ్ళేసరికి సలోమి కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. తలెత్తకుండానే అడిగింది.

"దాని ఫిల్ము తీశావంట గదా. వీధంతా అనుకుంటన్నారు. ఏం తేలింది?"

"ఆమెకు లేదు."

"ఇప్పుడు లేదా?"

"ఎప్పుడూ లేదంట. రాతిదుమ్మే."

మిషను ఆగింది. సలోమి చేతిలోని గుడ్డ అలాగే సూది కింద ఉంది. "మరి నేనన్న మాటలు?" అంది. గుడ్డను లాగి పక్కన పెట్టి, "అయితే ఎవరు?" అంది.

"అది యంత్రం చెప్పదు," అన్నాడు ఏసుపాదం.

పెళ్ళయిన పదమూడేళ్ళలో అతను ఆమెకు చెప్పిన అబద్ధాలు తక్కువ. అందుకే అబద్ధం చెప్పినప్పుడు అతని మొహం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. కాకపోతే దాచింది ఏమిటన్నదే తప్పుగా ఊహించింది. మర్నాడు పొద్దున బడి వరండాకు వచ్చి వరసలో నిలబడింది. ఆమె ఫిల్ము తీశాడు. మచ్చ లేకుండా శుభ్రంగా ఉంది. ఆ మాటే చెప్పాడు.

"ఆ బొమ్మలు నాకేం తెలుసు? నువ్వు చెప్పిందే గదా నేను వినేది. నా మొహం చూసి చెప్పు," అంది.

అతను చూడలేకపోయాడు.

"నేనేగదా?" అంది సలోమి, మెల్లగా. "పాలిచ్చినదాన్ని నేను. రాత్రనక పగలనక మోసినదాన్ని నేను. నేను చస్తానని చెప్పడం లేదు నువ్వు."

ఆ రోజు నుంచి ఆమె అన్నం ముందు కూర్చుని ఇట్టే లేచిపోయేది. రూతు గౌన్లున్న ట్రంకుపెట్టె తెరిచి, వాటిని ముట్టుకోకుండా చూస్తూ కూర్చునేది. తన నోటి గాలి వాటికి తగలకూడదన్నట్టు మొహం పక్కకు పెట్టుకునేది. ఏసుపాదం చూస్తూ ఉన్నాడు. రోజూ చెబుదామనుకున్నాడు. అలా ఐదురోజులు గడిచాయి. ఆ ఐదురోజుల గురించి తర్వాత అతను, "రూతును తెలియక చంపాను, ఈ ఐదురోజుల పాపం మాత్రం తెలిసే చేశాను," అనేవాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక సలోమి ఇంటివైపు తిరగకుండా రాతిముక్కల దిబ్బ వైపు నడిచింది. అతను వెనకే వెళ్ళాడు. మస్తానమ్మ మేకలకు ఆకు వేస్తోంది. సలోమి పోయి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది.

"పెద్దమ్మా, నీ ఉసురు పోసుకున్నా. నిన్ను అనరాని మాటలన్నా. నా బిడ్డను నేనే తిన్నా పెద్దమ్మా, నా నుంచే పోయింది దానికి."

"కాదు," అన్నాడు ఏసుపాదం.

ఇద్దరూ అతని వైపు చూశారు.

"సలోమీ, నీ నుంచి కాదు. నా నుంచి. నా రొమ్ములో మచ్చ ఉంది. యంత్రం చూపించింది. ఆరురోజుల కిందటే చూపించింది."

సలోమి లేవలేదు. ఏడవనూ లేదు. నేల మీద పడి ఉన్న నల్లటి రాతిముక్కను తీసుకుని చేతిలో తిప్పుతూ ఉండిపోయింది. మాట్లాడింది మస్తానమ్మే, ఊపిరి కూడదీసుకుని.

"ఏడేళ్ళయ్యా. ఏడేళ్ళు నేనేనేమో అనుకున్నా. డాక్టర్లు లేదన్నా, ఇంతమంది అంటన్నారు గదా, ఉండే ఉంటదేమో అనుకున్నా. దగ్గొచ్చినప్పుడల్లా ఆ బిడ్డే కళ్ళముందు ఆడేది. ఈ ఏడేళ్ళల్లో ఒక్క పసిబిడ్డను నా చేతికియ్యలేదయ్యా ఎవరూ."

"తప్పయిపోయింది పెద్దమ్మా."

"తప్పంటే ఏం వస్తదిలే. ఊళ్ళో చెబుతావా?"

"చెబుతా."

"చెప్పు. నేను బతికుండంగానే చెప్పు."

*

సోమవారం బడి వరండాలో, వరసలో నిలబడ్డ వందమంది ముందు ఏసుపాదం చెప్పాడు. డాక్టర్ సువర్చల వద్దని చేయి పట్టుకుంది. "మీరొక్కరి సంగతే కాదిది. బాణం గుర్తు ఉందని తెలిస్తే రేపు ఎవరూ రారు," అంది. అతను వినలేదు. మస్తానమ్మకు ఆ జబ్బు ఎన్నడూ లేదనీ, తన బిడ్డకు తన నుంచే వచ్చిందనీ, యంత్రమే చూపించిందనీ చెప్పాడు.

డాక్టర్ సువర్చల అన్నంత పనీ అయింది. మర్నాడు వరండాకు పదకొండు మంది వచ్చారు. ఆ మర్నాడు ముగ్గురే. ‘ఆ పెట్టె ముందు నిలబడితే ఎవర్ని చంపామో చెబుతుందంట’ అన్న మాట చుట్టుపక్కల గనుల ఊళ్ళన్నింటికీ పాకింది. తల్లిని పోగొట్టుకున్నవాళ్ళు రాలేదు, తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాళ్ళు రాలేదు. రెండువారాల తర్వాత, అంతకుముందు వరసలోంచి జారుకున్న తిరుపాలు అనే కూలీ గనిలోనే నెత్తురు కక్కుకున్నాడు. మందులతో అతను బతికాడు. కానీ అతని నెలల పిల్లకు అప్పటికే సోకింది. ఆ బిడ్డ దక్కలేదు.

తిరుపాలు బిడ్డ పోయిన రోజు సాయంత్రం డాక్టర్ సువర్చల కంప్యూటరు ముందు కూర్చుని, మచ్చల వయసు కట్టే భాగాన్నీ, గుర్తులు గీసే భాగాన్నీ తీసేసింది. ఏసుపాదం పక్కనే ఉన్నాడు.

"తొమ్మిదేళ్ళ పని మేడమ్," అన్నాడు.

"ఇప్పుడు ఎవరికి ఉందో చెబితే చాలు వీళ్ళకి. అదొక్కటే ఉంచుతాను." ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నేను జబ్బుకు దారి కనుక్కుందామనుకున్నాను, ఏసుపాదం గారూ. అది వచ్చే దారి మనుషులు ఒకర్నొకరు ఎత్తుకునే దారేనని నాకు తెలుసు. తెలిసీ, ఆలోచించలేదు."

ఇక మీదట గుర్తులుండవని అతనే గడపగడపకూ తిరిగి చెప్పాడు. కొందరు తలుపు వేసుకున్నారు. కొందరు తిట్టారు. తనకు వేసిన ప్లాస్టిక్ కుర్చీని అతను లేవగానే నీళ్ళతో కడిగిన ఇళ్ళూ ఉన్నాయి. అయినా తిరిగాడు. రెండు నెలలకు మళ్ళీ ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు.

సలోమి మాత్రం ఇంట్లో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడేది కాదు. వంట చేసి అతనికి మూతపెట్టి, ఇంకో గిన్నె సర్దుకుని దిబ్బ వైపు పోయేది. మస్తానమ్మకు రాతిదుమ్ముకు మందు లేదు. ఊపిరి రోజురోజుకూ కుదించుకుపోతోంది. సలోమి ఆమెకు తల దువ్వేది, గంజి తాగించేది, వీపు నిమిరేది. ఏసుపాదం ఆస్పత్రి నుంచి ఆక్సిజన్ సిలిండర్ మోసుకొచ్చి గుమ్మంలో దించేవాడు. లోపలికి రమ్మని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

ఒకరోజు ఓబులేసు కోడలు తన రెండోబిడ్డను తెచ్చి మస్తానమ్మ ఒళ్ళో పెట్టింది. ఊరి తరఫున పశ్చాత్తాపం చెప్పుకోవడానికి ఆమెకు అంతకంటే దారి తోచలేదు. మస్తానమ్మ బిడ్డను రెండు చేతుల్తోనూ పట్టుకుంది. కానీ మొహాన్ని మాత్రం పూర్తిగా గోడవైపు తిప్పేసింది. బిడ్డ ఒళ్ళో ఉన్నంతసేపూ ఊపిరి బిగపట్టే ఉంది. "ఏం కాదు పెద్దమ్మా, ఇటు చూడు," అని సలోమి ఎంత చెప్పినా తిప్పలేదు. బిడ్డను వెనక్కి ఇచ్చేశాక పావుగంటసేపు ఆయాసపడింది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఆమె పోయింది. సలోమే నీళ్ళు పోసి చీర కట్టింది. ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. పాడె ఒక కొమ్మును ఏసుపాదం భుజానికెత్తుకున్నాడు. వద్దని ఎవరూ అనలేదు. ఊళ్ళో సగం మంది వచ్చారు. బతికుండగా ఇన్నేళ్ళలో ఆ కొట్టం గుమ్మం తొక్కినవాళ్ళు, ఓబులేసు కోడలు తప్ప, వాళ్ళలో ఒక్కరూ లేరు.

పూడ్చిపెట్టాక అందరూ వెళ్ళిపోయారు. భార్యాభర్తలిద్దరే వెనకబడ్డారు. చినుకులు పడుతున్నాయి. చాలాదూరం నడిచాక సలోమి దారి మధ్యలో ఆగింది.

"ఆ యేడు నువ్వు దగ్గతా ఉంటే నాకు వినపడలా అనుకుంటన్నావా?" అంది.

అతను ఆమె వైపు చూశాడు.

"వినపడింది. పొద్దున్నే పెరట్లోకి పోయి దగ్గొచ్చేవాడివి. ఏందయ్యా ఈ దగ్గు, చూపిచ్చుకోమని ఒక్కరోజు అడగలా నేను. నీ కొలువు పోతదని భయపడ్డా. ఇంట్లో ఇద్దరం నోరు మూసుకుని, మంది మీద పడి ఏడ్చాం."

ఏసుపాదం ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి వద్దంది.

"ఓదార్చబాక. నువ్వు ఓదార్చబాక, నేనూ ఓదార్చను. ఊరికే నడువు."

వాన పెద్దదయింది. ఇద్దరూ నడిచారు.